మెఱుగు విషయమున న్యూటన్ చేసినది, చెప్పినది

న్యూటన్ మహాశయుని 'ఆప్టిక్స్' అను గ్రంథము 1704లో వెలువడెను. ఆ పేరు చెప్పగానే ఉపాధ్యాయులకు జ్ఞప్తికి వచ్చునవి పట్టకము, వర్ణపటము, సబ్బుబుడగలపై రంగులు. కాని ఆ గ్రంథమున రెండు చోట్ల మెఱుగు పెట్టుటను గూర్చిన ప్రసంగము కూడ కలదు. ఒకచోట న్యూటన్ తాను లోహదర్పణమును ఎట్లు నునుపు చేసెనో చెప్పెను. మఱియొకచోట అసలు నునుపు అనగా నేమో వివరించెను. మొదటిది పనివాని మాట, రెండవది తత్త్వవేత్త మాట. రెండును ఒక్క కలమునుండి వచ్చినవే యైనను ఒకదానితో నొకటి పొసగవు. రాయిని, గాజును, లోహమును నూరుటకును మెఱుగు పెట్టుటకును ఏ సాధనము ఎన్నుకొనవలెనని విద్యార్థి అడిగినప్పుడు సాధారణముగా వచ్చు సమాధానము ఆ రెండవ మాటను పోలియుండును. కర్మాగారములలో జరుగు పని మాత్రము మొదటి మాటను పోలియుండును. కావున ఆ రెండు ప్రసంగములను ప్రక్కప్రక్కన నుంచి పరీక్షించుట తరగతిగదికిని, కర్మశాలకును ఉపయోగకరమైన పని.

మొదటి ప్రసంగము గ్రంథము యొక్క ప్రథమ భాగమున దూరదర్శినిని గూర్చి చెప్పు సందర్భములోనిది. న్యూటన్ 6 అంగుళముల వ్యాసముగల రెండు గుండ్రని రాగిపలకలను తీసికొనెను. ఒకటి ఉబ్బెత్తుది, రెండవది పుటాకారము గలది. రెండును ఒకదానిపై నొకటి సరిగా అమరునట్లు నూరినవి. ఉబ్బెత్తు పలకపై దర్పణలోహమును నూరి దానికి పుటాకారము తెచ్చెను. ఇంతవరకు నూరుడు. ఆ తరువాత అదే ఉబ్బెత్తు పలకపై పిచ్ అను నల్లని జిగట పదార్థమును కరగించి పలుచగా పోసి, తడిపిన పుటాకార పలకతో నొక్కి, పూత అంతటను ఒక్క మందమున నుండునట్లు చేసెను. పొడిగా వాడినది తగరపు భస్మము. దానిని నీటిలో కడిగి ముతక రేణువులను తీసివేసెను. ఆ పొడిని పిచ్‌పై చల్లి వెంటనే దర్పణమును రుద్దలేదు. ముందుగా పుటాకారపు రాగిపలకతో దానిని రుద్దెను, ఎంతవరకనగా, రాపిడి చప్పుడు ఆగిపోవువరకు. అప్పుడు దర్పణమును పిచ్‌పై పెట్టి, గట్టిగా నొక్కుచు, రెండు మూడు నిమిషములు వేగముగా రుద్దెను. మరల కొంత క్రొత్త పొడి, మరల చప్పుడు ఆగువరకు రాగిపలక, మరల దర్పణము. చివరి విడతలో క్రొత్త పొడి వేయనే లేదు. పిచ్ తడి ఆరిపోకుండ దానిపై ఊపిరి వదలుచు, తన బలమంతయు వినియోగించి చాలసేపు రుద్దెను.

ఈ వర్ణన చదువుటకు సామాన్యముగా నుండును. కాని ఇందలి మూడు సంగతులు విమర్శకుని ఆపివేయును. మొదటిది, పొడిని పట్టియుంచుటకు గట్టి రాగి పనికిరాక మెత్తని పిచ్ కావలసివచ్చినది. రెండవది, చప్పుడు ఆగువరకు దర్పణమును తాకనీయలేదు. అనగా రేణువులు స్వేచ్ఛగా దొర్లుచున్నంతకాలము అవి మెఱుగునకు శత్రువులే. పిచ్‌లో అణగి కదలక కూర్చున్న పిదపనే పనికివచ్చును. మూడవది, మెఱుగు పూర్తియైన ఘట్టమున క్రొత్త పొడి లేదు, తడి మాత్రమున్నది. ఈ మూడింటిలో ఒక్కటియైనను పొడి ఎంత గట్టిది, ఎంత సన్ననిది అను ప్రశ్నకు సంబంధించినది కాదు.

ఇక రెండవ ప్రసంగము. కాంతి గాజుపై పడి ఎట్లు పరావర్తనము చెందునను చర్చలో న్యూటన్ మెఱుగును ప్రస్తావించెను. ఇసుకతో గాని, తగరపు భస్మముతో గాని, త్రిపోలి మట్టితో గాని గాజును రుద్దినప్పుడు ఆ పొడులు గాజును గీరుటయు, గరుకు మొనలను విరుచుటయు తప్ప వేరొక విధముగా అరగదీయజాలవని ఆయన వాదించెను. పొడి ఎంత సన్ననిదైన గీత అంత సన్ననిది. గీతలు కంటికి కనబడనంత సన్ననివైనప్పుడు దానినే మెఱుగు అందురు. కావున ఎంత మెఱుగు పెట్టిన గాజైనను సూక్ష్మమైన గీతల మయమే. అట్టి ఉపరితలముపై కాంతికణములు గాజు రేణువులకు తగిలి వెనుకకు వచ్చుచున్నచో అన్ని దిక్కులకు చెదరవలెను. చెదరుట లేదు గనుక పరావర్తనమునకు కారణము ఉపరితలమంతటను సమముగా వ్యాపించిన ఏదో శక్తియై యుండవలెను. ఇది ఆయన తర్కము.

న్యాయముగా చెప్పవలెనన్నచో న్యూటన్‌కు ఆ పుటలో కావలసినది కాంతి స్వభావము గాని, మెఱుగు శాస్త్రము కాదు. గరుకుతనము కాంతితో పోల్చదగిన కొలతకన్న చిన్నదైనచో కాంతికి అది లేనట్లే అను సత్యమునకు ఆయన చాల సమీపమునకు వచ్చెను. ఆకుపచ్చ కాంతి తరంగ దైర్ఘ్యము సుమారు 0.55 మైక్రాన్లు. గరుకు ఎత్తుపల్లములు అందులో ఎనిమిదవ వంతు, అనగా సుమారు 0.07 మైక్రాన్లకు తగ్గినచో నిటారుగా చూచినను దర్పణమువలెనే యుండును. ఏటవాలుగా చూచినచో ఇంకను గరుకైన తలము కూడ మెఱయును. నూరిన గాజుపలకను కంటి మట్టమునకు ఎత్తి, దానిపైనుండి జారుచూపుతో దీపమును చూచినచో, మసకగాజులో కూడ దీపపు ప్రతిబింబము కనబడును. ఎఱ్ఱని తరంగములు పొడవైనవి గనుక అది కొంచెము ఎఱ్ఱగా కనబడును. ఉన్నత పాఠశాలలో ఏ ఖర్చు లేకుండ చూపదగిన ప్రయోగమిది.

కాని సాధనమును ఎన్నుకొనువానికి న్యూటన్ వివరణ మార్గము చూపదు. సన్నని పొడియే మెఱుగునకు కారణమైనచో, కడిగిన తగరపు భస్మమును రాగిపైననే వేసి రుద్దవచ్చును గదా! పిచ్ ఎందుకు? ఈ ప్రశ్నను తన ముందే యుంచుకొని ఆయన అడుగలేదు. గ్రంథము గొప్పదైనను ఇది లోపమే. చేతికి తెలిసిన దానిని వివరణ మింగివేసినది.

పాఠశాలలలోని లోపము కూడ ఇట్టిదే. ఫ్రెడరిక్ మోస్ 1812లో ఏర్పరచిన కాఠిన్య పట్టిక అందరు విద్యార్థులకును తెలియును. 1 అభ్రకమువలె నొరసిన పొడియగు టాల్క్, 3 కాల్‌సైట్, 7 క్వార్ట్జ్, 9 కురువిందము, 10 వజ్రము. దీనిని నేర్చిన విద్యార్థి, పై అంకెగల పదార్థము క్రింది అంకెగల దానిని గీరును గనుక మెఱుగు పెట్టుటకు కూడ అంతకన్న గట్టి పొడిని ఎన్నుకొనిన చాలునని అనుకొనుట సహజము. మొదటి సగము నిజము, రెండవ సగము నిజము కాదు. పైగా ఆ అంకెలు వరుసను చెప్పును గాని దూరమును చెప్పవు. 1939లో వచ్చిన నూప్ పద్ధతిలో వజ్రపు మొనతో గ్రుచ్చి కొలిచినచో క్వార్ట్జ్ సుమారు 820, కురువిందము సుమారు 2,000, కార్బొరండం సుమారు 2,500, వజ్రము 7,000కు పైన. మోస్ పట్టికలో 9కిని 10కిని నడుమ నున్న అంతరము 1కిని 9కిని నడుమ నున్న అంతరముకన్న ఎక్కువ. ఇంగ్లీషులో కురువిందమునకున్న 'కొరండం' అను పేరు దక్షిణదేశ భాషలనుండి పోయినదే. ఈ దేశపు సానపట్టువారు కురువిందపు పొడిని లక్కతో కలిపి చక్రములుగా చేసి రత్నములను అరగదీసిరి. పేరు ఇచ్చిన దేశమున విద్యార్థి ఆ రాతిని పట్టికలో ఒక అంకెగా మాత్రమే ఎఱుగుట విచారకరము.

పట్టికకు లొంగని ఉదాహరణములు ఎన్నియో కలవు. గాజు కాఠిన్యము సుమారు 5.5, దానికి మెఱుగు పెట్టు సీరియం ఆక్సైడు సుమారు 6, అనగా దాదాపు గాజుతో సమానము. అంతకన్న ఎంతో గట్టిదైన కార్బొరండం పొడిని రెండు గాజుపలకల నడుమ వేసి రుద్దినచో గాజు మసకబారునే గాని మెఱయదు. కృత్రిమ నీలమణి పలకల కాఠిన్యము 9. వాటికి అద్దపు నునుపు తెచ్చునది నీటిలో తేలియాడు అతి సన్నని సిలికా. అది నీలముకన్న ఎంతో మెత్తనిది. ఎలక్ట్రానిక్ పరికరములకు వాడు సిలికాన్ బిళ్లలకు కూడ క్షారజలముతో కలిపిన అట్టి సిలికాయే తుది మెఱుగునిచ్చును.

ఈ చిక్కును మొదట సూటిగా చూచినవాడు లార్డ్ రేలీ. 1901లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మెఱుగును గూర్చి ఆయన ఉపన్యసించెను. ఆయన చేసిన పని చాల తేలికైనది: నూరిన గాజు మెఱుగుగా మారుచుండగా నడుమ నడుమ ఆపి సూక్ష్మదర్శినితో చూచెను. న్యూటన్ వివరణయే నిజమైనచో గుంటలన్నియు క్రమక్రమముగా సన్నని గీతలుగా మారవలెను. కాని కనబడినది వేరు. గరుకుతలములోని ఎత్తైన చోట్ల చిన్న చిన్న మచ్చలు పుట్టును. పుట్టినప్పటినుండియే ఆ మచ్చలు పూర్తి మెఱుగుతో నుండును. సగము మెఱుగు అనునది లేదు. పని సాగినకొలది మచ్చలు పెరిగి కలిసిపోవును, వాటి నడుమ గుంటలు కుంచించుకొనిపోయి చివరకు మాయమగును. అనగా నూరుటయు, మెఱుగు పెట్టుటయు ఒకే మెట్లవరుసలో పై మెట్టు, క్రింది మెట్టు కావు. రెండును వేరు వేరు క్రియలు. నూరునప్పుడు దొర్లు రేణువు పెళుసైన గాజును చిట్లించి పెచ్చులుగా లేపును. మెఱుగు పెట్టునప్పుడు పిచ్‌లో అణగిన రేణువు పదార్థమును దాదాపు అణుపరిమాణమున తొలగించునని రేలీ ఊహించెను.

రేలీ పరిశీలన నేటికిని చెక్కుచెదరలేదు. ఆ తరువాత వచ్చిన వివరణలకు అంత అదృష్టము పట్టలేదు. జార్జి బీల్బీ 1921లో ప్రకటించిన గ్రంథమున, మెఱుగు పెట్టినప్పుడు పైపొర ద్రవమువలె ప్రవహించి గుంటలను కప్పివేయుననెను. ఆయనకు దొరికిన ఆధారము గట్టిదే: మెఱుగు పెట్టిన తలమును ఆమ్లముతో కొంచెము తినిపించినచో, మాయమైనవనుకొన్న పాత గీతలు మరల బయటపడును. 1937లో బౌడెన్, హ్యూస్ అనువారు ఈ ప్రవాహమునకు కారణము వేడి యనిరి. రుద్దుచోట క్షణకాలము తీవ్రమైన వేడిమి పుట్టి పైపొర కరగునని, కావున మెఱుగు పెట్టు పొడికి ఉండవలసినది ఎక్కువ కాఠిన్యము కాదు, ఎక్కువ ద్రవీభవన స్థానమని వారి వాదము. వారి ప్రయోగములు చూడముచ్చటగా నున్నవి. సుమారు 70 డిగ్రీలకు కరగు వుడ్స్ లోహమునకు కర్పూరము మెఱుగు పెట్టగలిగినది. కర్పూరము కరగునది సుమారు 178 డిగ్రీలవద్ద. దానికన్న ఎంతో అధికమైన వేడికి కరగు దర్పణలోహముపై అదే కర్పూరము ఏమియు చేయలేకపోయినది. దేవుని హారతికి వాడు వస్తువు లోహమునకు మెఱుగు పెట్టినదనిన కాఠిన్య పట్టికకు అంతకన్న పరాభవమేమున్నది!

అయినను కర్పూరము విజయముతో విమర్శ ఆగిపోరాదు. న్యూటన్ వివరణలో నున్న దోషమే ఇందును కలదు: ఒక వస్తువునకు సరిపోయిన కారణమును అన్నింటికి పూయుట. పిచ్‌పై నీటితడిలో చేతితో మెల్లగా రుద్దు గాజు కరగువరకు వేడెక్కుట నమ్మదగినది కాదు. లోహముల విషయమున లెనార్డ్ శామ్యూల్స్ అను ఆస్ట్రేలియా లోహశాస్త్రజ్ఞుడు 1950ల నుండి చేసిన పరిశోధనలలో, మెఱుగు పెట్టిన లోహముపై కరగి గట్టిపడిన పొర లేదనియు, సన్నని రేణువులు చిన్న ఉలులవలె లోహమును చెక్కుచున్నవనియు, బయటపడు పాత గీతలు గీతక్రింద నలిగిన స్ఫటికముల గుఱుతులనియు తేలెను. కావున లోహముల వరకు న్యూటన్ మాటలో చాల నిజమున్నది. ఆయన మెఱుగు పెట్టినది లోహమునకే, వివరించినది గాజును! గాజు విషయమున రసాయనము ముఖ్యమని లీ కుక్ 1990లో ప్రకటించిన సమీక్షలో విశదపరచెను. నీరు గాజు పైపొరలోని సిలికా బంధములను సడలించును, సీరియం ఆక్సైడు రేణువు ఆ సడలిన దానిని పట్టి లాగివేయును. నీరు లేక కిరసనాయిలుతో రుద్దినచో గాజుకు సరియైన మెఱుగు రాదు. న్యూటన్ పిచ్‌పై వదలిన ఊపిరి లోహము విషయమున ఎంత పనిచేసెనో గాని, గాజు విషయమున తడి అనునది సాధనములలో ఒకటియే.

ఇంతవరకు వచ్చిన దానినిబట్టి సాధనమును ఎన్నుకొనునప్పుడు అడుగవలసిన ప్రశ్నలు మారిపోవును. పొడి గట్టితనము వాటిలో ఒకటి మాత్రమే. అరగదీయవలసినది పెళుసుదా, సాగునదా, పలు ఖనిజముల కలయికా? రేణువు దొర్లవలెనా, అణగవలెనా? దానిని పట్టియుంచు దిమ్మె ఎట్టిది? నడుమనున్న ద్రవము ఏమి చేయును?

గాజునకు మొదట దొర్లు రేణువు కావలెను. 80 నంబరు కార్బొరండం రేణువు సుమారు 180 మైక్రాన్లు. 220 నంబరుది సుమారు 65. ఇవి రెండు గాజుపలకల నడుమ దొర్లుచు ఒకదానిని పుటాకారముగను, రెండవదానిని ఉబ్బెత్తుగను చేయును. దూరదర్శిని దర్పణము చేయు విద్యార్థులు అనుసరించు మార్గమిదే. ప్రతి మెట్టు వెనుకటి మెట్టు గుంటలనే కాదు, ఆ గుంటల అడుగున కనబడక దాగిన పగుళ్లను కూడ తీసివేయవలెను. ఇచ్చట తొందరపడినవాని దర్పణమున చివరి మెఱుగులో గుంటలు నక్షత్రములవలె మిగిలియుండును. పొడి సన్నదనమును నీటిలో తేర్చి విడదీయుట న్యూటన్‌నాటి పద్ధతియే. స్టోక్స్ సూత్రము ప్రకారము 10 మైక్రాన్ల వ్యాసముగల కురువింద రేణువు 10 సెంటీమీటర్ల నీటిలో దిగుటకు సుమారు 10 నిమిషములు పట్టును. 5 మైక్రాన్లదానికి 40 నిమిషములు. ఒక గాజు జాడీ, ఒక గడియారము ఉన్న పాఠశాల మేలైన పొడిని తానే తయారు చేసికొనవచ్చును. తుది మెఱుగునకు పిచ్‌పై సీరియం ఆక్సైడు. పిచ్ చూచుటకు ఘనమువలె నున్నను చాల మందముగా ప్రవహించు ద్రవము. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమున 1927లో గరాటులో నుంచిన పిచ్‌నుండి 2014 నాటికి తొమ్మిది చుక్కలు మాత్రమే రాలినవి. ఈ ప్రవాహగుణము వలననే అది దర్పణము ఆకారమునకు తనంతట తాను అమరును. కాని చలిదేశముల పుస్తకములలో చెప్పిన పిచ్ రాయలసీమ వేసవిలో దిమ్మెపైనుండి జారిపోవును. దానిలో తగినంత గుగ్గిలము వంటి గట్టి రెజిను కలిపి, బొటనవ్రేలి గోరుతో నొక్కి గట్టితనము చూచి వాడవలెను. పిచ్ బదులు ఉన్నిబట్ట వేసినచో పని త్వరగా అగును గాని తలము నారింజతొక్కవలె అలలుగా నుండును. కిటికీ అద్దమునకు అది చాలును. దర్పణమునకు చాలదు, ఏలయన దర్పణముపై ఎత్తులోని దోషము కాంతిమార్గమున రెండింతలగును, కటకపు తలముపై అదే దోషము సగమగును. దర్పణము నాలుగింతలు నిక్కచ్చిగా నుండవలెను. 1959లో పిల్కింగ్టన్ సంస్థ ప్రకటించిన పద్ధతిలో కరగిన తగరముపై గాజును తేల్చి చల్లార్చుదురు. అట్టి గాజుపలకకు నూరుడును అక్కరలేదు, మెఱుగును అక్కరలేదు.

లోహము విషయమున కాఠిన్య పట్టిక మఱింత మోసగించును. ఉక్కుకన్న కార్బొరండం గట్టిది, అల్యూమినియం ఆక్సైడుకన్నను గట్టిదే. అయినను ఉక్కును సానపట్టు చక్రములు సామాన్యముగా అల్యూమినియం ఆక్సైడువి. రాపిడి వేడిలో కార్బొరండం ఇనుముతో రసాయనికముగా కలిసి త్వరగా అరిగిపోవును. పోత ఇనుమునకు, ఇత్తడికి, రాతికి, గాజుకు మాత్రము అది చక్కగా పనికివచ్చును. వజ్రమునకును ఇదే గతి. వేగముగా తిరుగు చక్రమున వేడెక్కిన ఉక్కు వజ్రములోని కార్బనును తనలో కరగించుకొనును. ప్రపంచమునకెల్ల గట్టి పదార్థము ఉక్కు ముందు ఓడిపోవును. 1957లో రాబర్ట్ వెంటార్ఫ్ తయారు చేసిన ఘనస్ఫటిక బోరాన్ నైట్రైడు వజ్రముకన్న మెత్తనిదైనను ఉక్కుతో కలియదు గనుక గట్టి ఉక్కు సానకు వజ్రముకన్న మేలైనది. చల్లగా, మెల్లగా బట్టపై చేయు తుది మెఱుగులో మాత్రము వజ్రపు ముద్ద ఉక్కుకు హాని పొందదు. అదే లోహము, అదే పొడి. వేడి యొక్కటే తేడా.

చక్రమును కొనువారు దానిపై ముద్రించిన ఏ 60 కె 5 వి వంటి గుఱుతులను చదువుట నేర్వవలెను. మొదటి అక్షరము పొడి జాతిని, 60 రేణువు పరిమాణమును, కె బంధపు గట్టితనమును, 5 రేణువుల నడుమ ఎడమును, చివరి అక్షరము పింగాణివలె కాల్చిన బంధమును తెలుపును. ఇందు విద్యార్థిని తికమక పెట్టునది మూడవ గుఱుతు. గట్టి లోహమునకు మెత్తని చక్రము, మెత్తని లోహమునకు గట్టి చక్రము అని పనివారు చెప్పుదురు. ఇచ్చట మెత్తదనము పొడిది కాదు, రేణువులను అంటిపెట్టుకొనియున్న బంధముది. గట్టి ఉక్కుపై రేణువు మొన త్వరగా మొద్దుబారును. బంధము మెత్తనిదైనచో మొద్దు రేణువు రాలిపోయి క్రింది పదునైన రేణువు బయటపడును. బంధము గట్టిదైనచో మొద్దు రేణువులు అట్లే నిలిచి, కోయుటకు మారుగా రాచి, ఉక్కును నీలివర్ణము వచ్చువరకు కాల్చివేయును. ఇది పట్టికలో దొరకని జ్ఞానము. సూక్ష్మదర్శినిలో చూచుటకు లోహపుముక్కను సిద్ధపరచువారు 220, 320, 400, 600 నంబరుల కాగితములపై తడిగా రుద్దుచు, కాగితము మార్చినప్పుడెల్ల ముక్కను 90 డిగ్రీలు త్రిప్పుదురు. వెనుకటి గీతలు పోయినవో లేదో అడ్డదిశలో వెంటనే తెలియును. సీసము, అల్యూమినియం వంటి మెత్తని లోహములలో విరిగిన రేణువులు గ్రుచ్చుకొని నిలిచిపోవును. వాటిని లోహములోని మలినములుగా భ్రమించిన నివేదికలు వచ్చుట అసంభవము కాదు.

రాతిలో చిక్కు వేరు. చలువరాయి, కడప నల్లరాయి, బేతంచెర్ల, తాండూరు పలకలు ప్రధానముగా కాల్‌సైట్ వంటి కార్బొనేటు ఖనిజములు గలవి. కాఠిన్యము 3 ప్రాంతమున. కడపరాతి వంటగట్టుపై నిమ్మరసమో, చింతపండు పులుసో ఒలికి నిలిచిన చోట నిగ్గు పోవుట గృహిణులెఱిగినదే. ఆమ్లము ఆ రాతిని తినును. అదే గుణమును పనివారు మెఱుగునకు వాడుకొనుచున్నారు: తగరపు భస్మములో ఆక్సాలికామ్లము కొంచెము కలిపి ఉన్నిదిమ్మెతో రుద్దినచో త్వరగా నిగ్గు వచ్చును. ఆక్సాలికామ్లము విషము గనుక విద్యార్థుల చేతికి ఈయరాదు. గ్రానైటులో క్వార్ట్జ్ 7, ఫెల్‌స్పార్ 6, అభ్రకము 3కు లోపల. మెత్తని దిమ్మెతో రుద్దినచో అభ్రకము పల్లమై, క్వార్ట్జ్ మిట్టయై, తలము మశూచి ముఖమువలె నగును. కావున గట్టి రెజినులో బిగించిన వజ్రపు బిళ్లలతో, 50 నుండి 3000 నంబరు వరకు మెట్టుమెట్టుగా, నీరు పారించుచు సాగవలెను. చీమకుర్తి నల్లరాయి బజారులో గ్రానైటుగా అమ్ముడగుచున్నను శిలాశాస్త్రము దానిని గాబ్రో జాతిలో చేర్చును. హనుమకొండ వేయిస్తంభముల గుడి (1163), పాలంపేట రామప్పగుడి (1213) స్తంభములలోని నల్లని డోలరైటు కూడ దాని చుట్టమే. వీటిలోని ముఖ్య ఖనిజములైన పైరాక్సీను, ప్లేజియోక్లేసు రెండును 6 ప్రాంతముననే యుండుటయు, డోలరైటు రేణువులు సన్ననివై అల్లుకొనియుండుటయు వలన అది అంతటను ఒకే తీరున అరుగును. ఆ స్తంభములలో ముఖము చూచుకొనుటకు వీలగు నిగ్గు నిలుచుటలో శిల్పి చేతితోపాటు రాతి గుణమునకును పాలు కలదు.

సాధనమును ఎన్నుకొనుటలో కాఠిన్యము, నునుపు ఎంత చర్చించినను ధూళిని విడిచినచో విమర్శ సగమే. లోహములను మెఱుగు పెట్టి, ఆమ్లము తినిపించి, సూక్ష్మదర్శినిలో మొదట చూచిన హెన్రీ సోర్బీ 1860లలో ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున పనిచేసెను. అదే నగరమున ఇసుకరాతి చక్రములపై ఫోర్కులను పొడిగా సానపట్టు కార్మికులు ఊపిరితిత్తులు చెడి యౌవనమునందే మరణించుచుండిరి. నీటితో తడుపుచు కత్తులను సానపట్టువారు అంతకన్న ఎక్కువకాలము బ్రతికిరి. గుజరాతులోని ఖంభాతులో అకీకు రాళ్లను అరగదీయువారికిని, మధ్యప్రదేశములోని మందసౌరులో పలకబలపములు కోయువారికిని సిలికా ధూళివలన ఇదే వ్యాధి వచ్చుట వైద్యులు నమోదు చేసినారు. ఉక్కును అరగదీయుటకు ఇసుకరాయి చాలునని పట్టిక చెప్పును. అందలి సిలికా సంగతి చెప్పదు. కార్బొరండం, అల్యూమినియం ఆక్సైడు చక్రములలో స్వేచ్ఛా సిలికా లేదు గాని, అరగదీయుచున్న రాయి గ్రానైటో, అకీకో అయినచో ధూళి రాతినుండియే వచ్చును. ముక్కుకు కట్టిన గుడ్డ దానిని ఆపజాలదు. పాఠశాల కర్మశాలలో రాతిని గాని గాజును గాని పొడిగా అరగదీయనీయరాదు.

'ఆప్టిక్స్'ను తరగతిలో ప్రస్తావించు ఉపాధ్యాయులు పట్టకపు ప్రయోగములతోపాటు రాగిపలకల ప్రసంగమును కూడ విద్యార్థులచే చదివింపవచ్చును. పిదప ఒక సీసా అడుగుముక్కను తడి కార్బొరండంతో నూరి, పిచ్‌పై సీరియం ఆక్సైడుతో పావుగంట రుద్ది కడిగి, పదింతలు పెద్దది చేయు చేతికటకముతో చూపినచో, మసక నడుమ ఎత్తైన చోట్ల పుట్టిన మెఱుగు మచ్చలు వారికే కనబడును.